నల్లగొండ ఎండకి నిలబడే మదర్‌బోర్డు: కొనేముందు పవర్, ర్యామ్, కూలింగ్ ఎలా చూసుకోవాలి

మదర్‌బోర్డు కొనేటప్పుడు మనోళ్లు అడిగేవి రెండే. ఏ చిప్‌సెట్, ఎంత. షాపాయన కూడా "బీ760 ఉంది తమ్మీ, ఐ7కి మస్తు నడుస్తది, తీస్కో" అంటాడు, బిల్లు రాసేస్తాడు. ఆయన చెప్పింది అబద్ధమేం కాదు, జనవరిలో నడుస్తుంది కూడా. కానీ మే నెలలో, పెళ్లిళ్ల సీజన్ నడుమ, రేకుల కప్పున్న స్టూడియోలో, బయట 44 డిగ్రీలున్న మధ్యాహ్నం పూట ఒక పెళ్లి వీడియో మొత్తం రెండర్‌కి పెట్టి భోజనానికి వెళ్తే నడుస్తుందా అన్నదే మనకి కావాల్సింది. దానికి జవాబు చిప్‌సెట్ పేరులో దొరకదు.

యూట్యూబ్ రివ్యూల్లో కూడా సూటిగా దొరకదు. వాళ్లు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండే గదిలో, చాలాసార్లు కేబినెట్ లేకుండా టేబుల్ మీద పరిచి టెస్ట్ చేస్తారు. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు మనిషి ఆ అంకెల్ని మన గదికి తగ్గట్టు మార్చుకుని చదువుకోవాలి. ఎలా మార్చుకోవాలో వరుసగా చెప్తాను. గేమింగ్‌కైనా, ఎడిటింగ్‌కైనా, ఫ్లెక్స్ డిజైన్ పనికైనా పద్ధతి ఒకటే.

ముందు ప్రాసెసర్ నిజంగా ఎంత లాగుతుందో తెలుసుకోండి

ప్రాసెసర్ వివరాల్లో పెద్దగా కనపడే 65 వాట్ల అంకెను చూసి బోర్డు ఎంచుకోవద్దు. అది బేస్ పవర్ మాత్రమే. ఇంటెల్ వాళ్ల సైట్‌లోనే కొంచెం కిందికి వెళ్తే మాగ్జిమమ్ టర్బో పవర్ అని ఇంకో అంకె ఉంటుంది. ఐ5-12400కి అది 117 వాట్లు, ఐ5-14400కి 148, ఐ7-14700కి 219. మూడింటికీ పైన కనపడేది అదే 65! కె సిరీస్ ఐ9-14900కె అయితే 125 అని చెప్పి 253 దాకా తీసుకుంటుంది. ఏఎండీలో లెక్క కొంచెం సూటిగా ఉంటుంది. ఏఎం5 సాకెట్ మీద 65 వాట్ల చిప్ 88 దాకా, 105 వాట్లది 142 దాకా, 170 వాట్లది 230 దాకా వెళ్తుంది. దీన్నే పీపీటీ అంటారు.

గేమ్ ఆడేటప్పుడు మామూలుగా ఇంత లాగదు. అందుకే ఒక బోర్డు మీద గేములు హాయిగా ఆడేవాడు "నాకేం ప్రాబ్లం లేదు" అంటాడు, అదే బోర్డు కొన్న ఎడిటింగ్ అబ్బాయి తల పట్టుకుంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మీ పని ఏంటో చూసుకుని పెద్ద అంకె తీసుకోవాలా చిన్న అంకె చాలా అన్నది తేల్చుకోండి. రెండర్, త్రీడీ, కంపైలింగ్ లాంటివి గంటల తరబడి నడిపేవాళ్లు కళ్లు మూసుకుని పెద్ద అంకెనే తీసుకోవాలి.

వాట్లని ఆంప్స్ చేయండి, అప్పుడు బోర్డు కష్టం అర్థమవుతుంది

ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లో ఉండే పవర్ సప్లై) నుంచి బోర్డుకి వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కి కావాల్సింది ఒకటీ ఒకటిన్నర మధ్యలో, లెక్క కోసం 1.2 అనుకుందాం. ఆ 12ని 1.2కి దించే ఏర్పాటునే వీఆర్ఎం అంటారు. సాకెట్‌కి ఎడమ పక్కన, పైన వరసగా నలుపో బూడిద రంగో చదరపు డబ్బాలు కనపడతాయి చూడండి, అవి చోక్‌లు. వాటి పక్కనే చిన్న చిన్న నల్ల చిప్పులు, అవి మాస్‌ఫెట్లు. దగ్గర్లోనే గుండ్రటి కెపాసిటర్లు. వీటన్నిటినీ ఆడించే కంట్రోలర్ ఒకటి ఎక్కడో మూలన ఉంటుంది.

142 వాట్లని 1.2తో భాగిస్తే దాదాపు 118 ఆంప్స్. ఇంట్లో ఏసీకి పెట్టే ఎంసీబీ 20 ఆంప్స్‌ది, ఇక్కడ వేలెడంత చోటులో నుంచి 118 పోతోంది. ఐ7-14700 ఫుల్లుగా లాగితే 180 దాటుతుంది. ఒక చోక్, దాని మాస్‌ఫెట్లు కలిస్తే ఒక ఫేజు, ఈ కరెంటుని ఫేజులే పంచుకుంటాయి. ఆరు ఫేజులుంటే 118లో ఒక్కోదానికి 20 ఆంప్స్ వస్తుంది, 180 అయితే 30.

ఈ దించే పనిలో కొంత వేడిగా పోతుంది. వీఆర్ఎం 90 శాతం సమర్థంగా పనిచేస్తుందనుకున్నా 142 వాట్లు ఇవ్వడానికి 158 తీసుకుంటుంది, మిగతా 16 వాట్లు అక్కడే వేడి. 219 అయితే 24 వాట్ల పైనే. మొబైల్ రిపేర్ షాపులో ఉండే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ని కేబినెట్ లోపల, సాకెట్ పక్కన గంటల తరబడి ఆన్ చేసి పెట్టినట్టు. బోర్డు దాన్ని ఎలా బయటికి పంపిస్తుంది అన్నదాని మీదే మిగతా కథంతా నడుస్తుంది.

బాక్స్ మీద ఫేజుల లెక్కని ఎలా చదవాలి

"12+1+1" అని ఉంటే మొదటి 12 ప్రాసెసర్ కోర్‌లకి, మిగతావి గ్రాఫిక్స్, ఎస్‌ఓసీ (ప్రాసెసర్‌లోనే కోర్‌లు కాక మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలు) లాంటి పక్క అవసరాలకి. మీరు లెక్కేసుకోవాల్సింది మొదటి అంకెనే. అది కూడా పన్నెండు వేర్వేరు ఫేజులు కానక్కర్లేదు, కంట్రోలర్ ఆరింటినే ఆడిస్తూ ఒక్కోదానికి రెండేసి జతచేసి ఉండొచ్చు. దీన్ని మోసం అని తిట్టేవాళ్లున్నారు కానీ వేడి సంగతికొస్తే అది మంచిదే, ఎందుకంటే కరెంటు నిజంగానే పన్నెండు దారుల్లో పంచుకుంటుంది. అసలు జాగ్రత్తపడాల్సింది వేరే చోట. చోక్‌లు ఎక్కువ కనపడి, వాటి పక్కన మాస్‌ఫెట్లు తక్కువగా, చవకవి ఉన్న బోర్డులు. చోక్‌లు లెక్కపెట్టి ఊరుకుంటే ఇక్కడే బోల్తా పడతాం.

మాస్‌ఫెట్లు రెండు రకాలుగా వస్తాయి. చవక బోర్డుల్లో పై మాస్‌ఫెట్, కింది మాస్‌ఫెట్, డ్రైవర్ అన్నీ విడివిడిగా ఉంటాయి. కొంచెం మంచి బోర్డుల్లో మూడూ ఒకే చిప్పులో కలిసి వస్తాయి, డీఆర్-మాస్ అనో స్మార్ట్ పవర్ స్టేజ్ అనో రాస్తారు, పక్కన 50, 60, 90 ఆంప్స్ అని ఉంటుంది. రెండో రకానిది సమర్థత ఎక్కువ, వేడి తక్కువ. అయితే 60 అని రాసి ఉందని 60 లాగొచ్చనుకోవద్దు. ఆ అంకె చిప్పుని చల్లగా పెట్టి కొలిచింది. అందులో మూడో వంతు, అంటే 20 ఆంప్స్ చుట్టుపక్కల నడిస్తే మన ఎండలకి సుఖంగా ఉంటుంది. ఇది రూలేమీ కాదు, నేను వాడుకునే అడ్డలెక్క.

ఈ లెక్కతో చూస్తే 65 వాట్ల ఏఎండీ రైజెన్‌కి, ఐ5-12400కి ఆరు మంచి ఫేజులు చాలు, ఇంకా ఎక్కువ కొనడం డబ్బు దండగ. 142 వాట్ల చిప్‌కి ఎనిమిది దగ్గర చూడండి. ఐ7-14700 తీసుకుని రెండర్లు చేస్తామంటే పది, పన్నెండు, పైన గట్టి హీట్‌సింక్ (వేడిని లాగి గాలికి వదిలే లోహపు దిమ్మ). మాస్‌ఫెట్ల మీద హీట్‌సింకే లేని హెచ్610 (ఇంటెల్ చవక చిప్‌సెట్) బోర్డు మీద ఐ7 పెడితే కాలిపోతుందని కాదు, బోర్డే బెదిరి స్పీడ్ తగ్గించేస్తుంది. మీరు ఐ7 డబ్బులు కట్టి ఐ5 పని చేయించుకుంటారు.

సాకెట్ దగ్గర కరెంటు ప్లగ్గు కూడా చూడండి. 8 పిన్నులుందా, 4 పిన్నులేనా? 8 పిన్నుల్లో నాలుగు 12 వోల్టులవి, 158 వాట్లు లాగినా తీగకి 3 ఆంప్స్ చిల్లర పడుతుంది. 4 పిన్నుల్లో రెండే, అంటే డబుల్. చిన్న ప్రాసెసర్లకి పర్లేదు, పెద్దవాటికి వద్దు.

రివ్యూ అంకెకి మన ఎండని కలపండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే తేలిక కూడా. రివ్యూలో "వీఆర్ఎం 72 డిగ్రీలు" అని ఉంటే వెంటనే గది ఎంతుందో చూడండి. 22 అనుకుందాం. అంటే గది కంటే 50 డిగ్రీలు పైకి వెళ్లింది. మన గది మధ్యాహ్నం 40 ఉంటే 40 ప్లస్ 50, తొంభై. వాళ్లు బోర్డుని బయట పరిచి కొలిస్తే మూసిన కేబినెట్‌కి ఇంకో ఐదు నుంచి పది కలుపుకోండి. 72 కాస్తా నూరుకి వచ్చేసింది! వేడెక్కిన కొద్దీ మాస్‌ఫెట్ నిరోధకత పెరుగుతుంది కాబట్టి నిజంలో ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది.

ఇలా లెక్కేశాక 90 లోపు వస్తే నేను నిశ్చింతగా కొనమంటాను. 90, 100 మధ్య వస్తే ఎండాకాలం పవర్ లిమిట్ తగ్గించుకుని వాడొచ్చు. నూరు దాటితే ఇంకో బోర్డు చూసుకోండి. మాస్‌ఫెట్లు అంతకంటే ఎక్కువ తట్టుకుంటాయి, చాలావాటికి 125, 150 దాకా పరిమితి ఉంటుంది. కానీ పక్కనే ఉన్న కెపాసిటర్లు అంత గట్టివి కావు. వాటికి కంపెనీలు చెప్పే ఆయుష్షు 105 డిగ్రీల దగ్గర 5,000 గంటలు అన్నట్టు ఉంటుంది. వేడి తగ్గే కొద్దీ ఆయుష్షు చాలా వేగంగా పెరుగుతుంది, మామూలు ఎలక్ట్రోలైటిక్ రకానికి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అని పాత లెక్క. అందుకే చల్లగా ఉంచమని ఇంత నస.

హీట్‌సింక్‌ని ఫోటోలో చూసి మోసపోవద్దు. పెద్దగా, డిజైన్‌గా, లైట్లతో ఉంటుంది, తీసి చూస్తే పైన ప్లాస్టిక్ మూత, లోపల సన్నటి అల్యూమినియం పలక. కోతలు లోతుగా ఉన్నది, గాలి దూరగలిగేది, స్క్రూలతో బిగించింది మంచిది. ప్లాస్టిక్ పిన్నులతో తగిలించింది వేలితో నొక్కితే కదులుతుంది, కింద ప్యాడ్ సరిగ్గా అతుక్కోదు. షాపులో డిస్‌ప్లే పీస్ ఉంటే ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి, బరువే చెప్పేస్తుంది.

ఎస్‌ఎంపీఎస్, ఎర్తింగ్: బోర్డు బయట ఉండే సగం

ఎంత మంచి వీఆర్ఎం అయినా దానికి వచ్చే 12 వోల్టులు ఊగుతుంటే చేసేదేమీ లేదు. కేబినెట్‌తో ఫ్రీగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ని పక్కన పెట్టేయండి, దాని గురించి ఇంతకంటే రాయడం దండగ.

ఎర్తింగ్ గురించి మాత్రం రాయాలి. కేబినెట్ వెనక స్క్రూ మీద వేలు పెడితే జిల్లుమంటోందా? ఎర్త్ లేదని అర్థం. పాత ఇళ్లలో మూడో పిన్ను బోర్డులో ఉంటుంది కానీ తీగ ఎక్కడికీ పోదు. ఉన్నచోట కూడా ఎండాకాలం నేల ఎండిపోయి ఎర్త్ పనిచేయదు. మన ఎర్ర నేలల్లో, రాతి నేలల్లో ఇది మరీ ఎక్కువ. మార్చి నుంచి జూన్ దాకా ఎర్తింగ్ గుంతలో నాలుగు రోజులకోసారి బకెట్ నీళ్లు పోయండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజ్ చూడమనండి. రెండు మూడు వోల్టులు పర్లేదు, పదులు చూపిస్తే ముందు అది బాగు చేయించండి, బోర్డు తర్వాత కొనొచ్చు.

ర్యామ్ సంగతి

మొదట రకం. డీడీఆర్4 వేరు, డీడీఆర్5 వేరు, గాటు వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి కూర్చోదు. ఇంటెల్ 12, 13, 14 తరాల బోర్డుల్లో ఒకే పేరుతో రెండు రకాలూ వచ్చాయి, పేరు చివర డీ4 అని చిన్నగా ఉంటే డీడీఆర్4ది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ దాకా వెళ్లి తెచ్చుకుని, ఇంటికొచ్చి చూస్తే కూర్చోకపోతే మళ్లీ ఒక రోజు పోతుంది, కౌంటర్ దగ్గరే పేరంతా చదవండి. ఏఎం5లో ఆ గొడవ లేదు, అన్నీ డీడీఆర్5.

తర్వాత స్పీడ్. బాక్స్ మీద "7200 ప్లస్" అని పెద్దగా రాస్తారు, పక్కన కనపడీ కనపడనట్టు ఓసీ అని ఉంటుంది. అది ఓవర్‌క్లాక్. ప్రాసెసర్ కంపెనీ గ్యారంటీ ఇచ్చేది వేరు. రైజెన్ 7000కి రెండు స్టిక్కులతో 5200, నాలుగు స్టిక్కులు పెడితే 3600 మాత్రమే. ఈ రెండో అంకె చాలామందికి తెలియదు, "ఇప్పుడు రెండు ఎనిమిదులు, తర్వాత ఇంకో రెండు" అని ప్లాన్ వేసుకుంటారు. డీడీఆర్5లో ఆ ప్లాన్ వద్దు. 32 జీబీ కావాలంటే మొదటే రెండు పదహారులు, 64 అయితే రెండు ముప్పై రెండులు. హెచ్610 బోర్డులకి మామూలుగా రెండే స్లాట్లు ఉంటాయి కాబట్టి వాటికి ఇంకా ముఖ్యం. పైగా ఆ చిప్‌సెట్‌లో మెమరీ ఓవర్‌క్లాక్ కూడా లేదు, ఖరీదైన ర్యామ్ కొని పెట్టినా ప్రాసెసర్ అధికారిక స్పీడ్ దగ్గరే ఆగుతుంది.

నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి. పక్కపక్కన పెడితే రెండూ ఒకే ఛానెల్‌లో పడతాయి, స్పీడ్ పోతుంది.

కంపెనీ సైట్‌లో ఆ బోర్డు పేజీలో మెమరీ సపోర్ట్ జాబితా ఉంటుంది, క్యూవీఎల్ అంటారు. ర్యామ్ స్టిక్కర్ మీద ఉండే పొడవాటి పార్ట్ నంబర్‌ని అందులో వెతకండి. జాబితాలో లేకపోతే పనిచేయదని కాదు, వాళ్లు టెస్ట్ చేయలేదని మాత్రమే. కానీ 6000 పైన స్పీడ్ కొనేవాళ్లు జాబితాలో ఉన్నదే కొంటే గొడవ తగ్గుతుంది. ఏఎం5కి 6000 చాలు, ఇంకా పైకి వెళ్తే ఖర్చు పెరుగుతుంది కానీ లాభం పెద్దగా కనపడదు.

బిగించాక రెండు విషయాలు. కొత్త ఏఎం5 సిస్టం మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా కొన్ని నిమిషాలు అట్లనే ఉంటుంది. అది ర్యామ్‌ని సర్దుకుంటోంది, టెన్షన్ పడి స్విచ్ ఆపొద్దు. రెండోది, బయాస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల స్క్రీన్) ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ని బాక్స్ మీది స్పీడ్‌కి తెచ్చే సెట్టింగ్, ఆన్ చేయకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కితే స్పీడ్ కనపడుతుంది. ఏళ్ల తరబడి చూడనివాళ్లు బోలెడంతమంది.

ర్యామ్‌కీ ఎండ తగులుతుంది. డీడీఆర్5లో వోల్టేజ్ సర్దే చిప్ స్టిక్ మీదే ఉంటుంది కాబట్టి అది డీడీఆర్4 కంటే వేడెక్కుతుంది. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రి పెట్టి పాసైందని సంతోషపడొద్దు, మధ్యాహ్నం రెండింటికి ఇంకోసారి పెట్టండి. రాత్రి పాసై పగలు ఎర్రర్లొస్తే ముందు అనుమానించాల్సింది వేడినే. స్పీడ్ ఒక మెట్టు దించండి, లేదా స్టిక్కుల మీదికి గాలి తగిలేట్టు ఫ్యాన్ సర్దండి.

గాలి ఎటు నుంచి ఎటు

ఇక్కడ చాలామంది ఊహించని సంగతి ఒకటుంది. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలి పక్కకి పారి వీఆర్ఎంకి తగులుతుంది. టవర్ కూలర్ పెడితే అది కొంత తగ్గుతుంది. లిక్విడ్ కూలర్ పెడితే సాకెట్ చుట్టూ గాలి దాదాపు ఉండదు. ప్రాసెసర్ చల్లబడింది, వీఆర్ఎం మండిపోతోంది! లిక్విడ్ కూలర్ మీద మోజు ఉంటే హీట్‌సింక్ గట్టిగా ఉన్న బోర్డు తీసుకుని, వెనక ఒకటి, పైన ఒకటి ఫ్యాన్ తప్పక పెట్టండి. మన ఊళ్లకి నా ఓటు మాత్రం మంచి టవర్ కూలర్‌కే.

బోర్డు మీద ఫ్యాన్ హెడర్లు ఎన్నున్నాయో కొనేముందే చూడండి. చవక బోర్డుల్లో ప్రాసెసర్‌ది కాక ఒక్కటే ఉంటుంది. ఒక్కో హెడర్ మామూలుగా ఒక ఆంప్ ఇస్తుంది. రెండు మామూలు ఫ్యాన్లని స్ప్లిటర్‌తో కలపొచ్చు, ఐదారు కలిపితే హెడర్ పోయే ప్రమాదం ఉంది.

దుమ్ము సంగతి మీకు నేను చెప్పాలా? మిర్యాలగూడ మిల్లుల దగ్గర ఊక, తవుడు, రోడ్డు పక్క షాపుల్లో ఎర్రమట్టి. ముందు ఫిల్టర్ ఉన్న కేబినెట్ తీసుకోండి, రెండు వారాలకోసారి దులపండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఎయిర్ కూలర్‌ని సిస్టం ముందు పెట్టే అలవాటు కూడా మానాలి. ఆ తడిగాలికి దుమ్ము బురదలా పేరుకుని హీట్‌సింక్ కోతల్ని మూసేస్తుంది. కూలర్ గాలి మనిషికి తగలాలి, కేబినెట్‌కి కాదు. వెనక వాడని స్లాట్ల రేకులు ఊడి ఉంటే మూయండి, బల్లులు దూరుతాయి.

బయాస్

ఇది కూడా పవర్‌లో భాగమే. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజ్‌కి దెబ్బతింటున్నాయని తేలాక 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు వచ్చాయి. 2023లో రైజెన్ 7000ఎక్స్‌3డీ చిప్పులు కొన్ని కాలిపోతే ఎస్‌ఓసీ వోల్టేజ్‌ని 1.3 దాటకుండా బయాస్‌లోనే కట్టేశారు. షాపులో బాక్స్ ఎన్నాళ్ల నుంచి ఉందో మనకి తెలియదు కాబట్టి విండోస్ వేయకముందే బయాస్ కొత్తది వేసుకోండి, అది కూడా యూపీఎస్ మీద ఉన్నప్పుడు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డుకి కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు.

కౌంటర్ దగ్గర, తర్వాత ఇంట్లో

షాపులోనే సాకెట్ మూత తీయించి పిన్నులు చూడండి. ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేస్తే వరసలు మెరుస్తాయి, వంగిన పిన్ను ఉంటే అక్కడ మెరుపు తప్పుతుంది. ఎల్‌జీఏ1700 (ఇంటెల్ 12, 13, 14 తరాల సాకెట్)లో, ఏఎం5లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వంగితే వారంటీ ఇవ్వరు. ఒక ఫోటో కూడా తీసి పెట్టుకోండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించండి.

ఇంటికొచ్చాక టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో వేసుకుని, ప్రాసెసర్‌ని ఫుల్లుగా నడిపే సినీబెంచ్‌ని అరగంట వరసగా నడపండి. మధ్యాహ్నం పూట, కేబినెట్ మూసి, ఏసీ ఆపి. వీఆర్ఎం మాస్ అన్న లైన్ చూడండి. చవక బోర్డుల్లో ఆ సెన్సరే ఉండదు. అప్పుడు ఇంకో దారి: ప్రాసెసర్ టెంపరేచర్ 70 దగ్గర ప్రశాంతంగా ఉంటూనే క్లాక్ స్పీడ్ ఉన్నట్టుండి పడిపోతోందా చూడండి. ఇంటెల్ అయితే పెర్ఫార్మెన్స్ లిమిట్ లైన్లలో వీఆర్ థర్మల్ అలర్ట్ పక్కన యెస్ (Yes) అని పడుతుంది, అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. గన్ థర్మామీటర్‌తో కొలిచేవాళ్లు మెరిసే హీట్‌సింక్ మీద నేరుగా పెట్టొద్దు, తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొలవండి.

ఎక్కువొస్తే ముందు పవర్ లిమిట్ తగ్గించండి. ఏఎండీలో ఎకో మోడ్ ఆన్ చేస్తే 142 కాస్తా 88కి దిగుతుంది, ఇంటెల్‌లో పీఎల్1 (ఎక్కువసేపు లాగే పరిమితి), పీఎల్2 (కొద్దిసేపు లాగే పరిమితి) అంకెల్ని చేత్తో మార్చుకోవచ్చు. పై వాట్లు తగ్గిస్తే వేడి బాగా తగ్గుతుంది, వేగం మాత్రం కొంచెమే. పీఎల్1, పీఎల్2 రెండింటినీ ఇరవై వాట్లు దించండి, మళ్లీ అరగంట నడపండి, 95 లోపుకి వచ్చేదాకా ఇట్లనే. ఆ అంకెని బయాస్‌లో ఒక ప్రొఫైల్‌గా సేవ్ చేసి పెట్టుకుంటే మార్చిలో అది వేసుకోవచ్చు, వానలు పడ్డాక తీసేయొచ్చు.